టీకి ఆగనివ్వండి, ఇంజెక్షన్‌ను ఆపండి

సంపాదకులకు నమస్కారం.

అగ్నివీర్, కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిందంటే తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ మైదానంలో, చిత్తూరు మెసానికల్ మైదానంలో తెల్లవారకముందే పరుగులు మొదలవుతాయి. కుర్రాళ్ల కష్టాన్ని ఎవరూ తప్పుపట్టరు. బాధంతా వాళ్ల సంచుల్లోకి చేరుతున్న సరుకు గురించే. జిమ్ముల్లో దొరికే, వ్యాయామానికి ముందు కలుపుకుని తాగే 'ప్రీ వర్కౌట్' పొడి, ఎనర్జీ డ్రింకు డబ్బాలు, వీటన్నిటినీ మించి బీపీ పెంచే మెఫెంటర్మిన్ ఇంజెక్షన్. అడిగితే "మిలిటరీ వాళ్లే మాత్రలు వేసుకుని యుద్ధాలు చేశారు కదా" అంటారు. ఆ కథలో సగమే ప్రచారంలో ఉంది.

1940లో ఫ్రాన్స్ మీద దాడికి దిగిన జర్మనీ, ఏప్రిల్-జూలై నెలల మధ్య తన సైన్యానికి, వైమానిక దళానికి నిద్ర, అలసట తెలియనివ్వని మెథాంఫెటమిన్ మాత్రలు సుమారు 3.5 కోట్లు పంపింది. ఒక్కో మాత్ర 3 మిల్లీగ్రాములు. నిద్రలేకుండా రాత్రింబవళ్లు బళ్లు నడిపారన్న మాట నిజమే. మందు దిగాక ఆ సైనికుడు తేరుకోవడానికి రోజులు పట్టేదన్నదీ అంతే నిజం. మరుసటి ఏడాదే, 1941 జూలైలో, జర్మనీయే ఆ మాత్రను మాదకద్రవ్యాలను కట్టడి చేసే నల్లమందు చట్టం కిందికి తెచ్చింది. జపాన్ అనుభవం మనకు ఇంకా దగ్గరగా ఉంటుంది. యుద్ధం ముగిశాక గోదాముల్లో మిగిలిన 'హిరోపాన్' (అదీ మెథాంఫెటమినే) మాత్రలు, ఇంజెక్షన్లు బజారుకెక్కి మామూలు జనానికి వ్యసనమయ్యాయి. దాన్ని అదుపు చేయడానికి 1951లో ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది. సైన్యం కోసం తయారైన మందు సైన్యంలోనే ఉండిపోదు.

ఇక టీ సంగతి. రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో బ్రిటిష్ సైనికులు పెట్రోలు డబ్బాను సగానికి కోసి, ఇసుక నింపి, దాని మీద పెట్రోలు పోసి వెలిగించి నీళ్లు కాచుకునేవారు. ట్యాంకు దిగి బయట ఉన్న సమయంలోనే సిబ్బంది చాలామంది దెబ్బతింటున్నారని గ్రహించాక, ఆ తర్వాత వచ్చిన బ్రిటిష్ సెంచూరియన్ ట్యాంకు నుంచి లోపలే నీళ్లు కాచుకునే కరెంటు పాత్ర అమర్చడం మొదలుపెట్టారు. వినడానికి నవ్వులాటగా ఉంటుంది గానీ, లెక్క తెలిసినవాళ్లు చేసిన పని అది. మన సైన్యంలోనూ దూరపు కవాతుకు పాత పద్ధతి ఒకటుంది: గంటలో 50 నిమిషాలు నడక, 10 నిమిషాలు విరామం. ఆ పది నిమిషాల్లో బూట్లు వదులు చేసి పాదాలు చూసుకోవాలి, నీళ్లు తాగాలి. పొడవాటి విరామం దొరికితే సైనిక వంటశాల నుంచి టీ. గ్లాసు టీలో కెఫీన్ 30 నుంచి 50 మిల్లీగ్రాములకు మించదు. మనిషిని నిలబెట్టేది అదొక్కటే కాదు. కూర్చోవడం, ఒంట్లోకి నీళ్లు, చక్కెర చేరడం, అన్నీ కలిస్తేనే ఆ బలం. మాత్ర ఇవేవీ ఇవ్వదు, అలసట తెలియకుండా కప్పిపెడుతుందంతే.

కెఫీన్‌కైనా హద్దుంది. అమెరికా నౌకాదళ కమాండోల (సీల్) శిక్షణలో 72 గంటలు నిద్రలేని 68 మందికి 100, 200, 300 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి చూసిన ఫలితాలు 2002లో అచ్చయ్యాయి. మెలకువ, స్పందనలో వేగం పెరిగాయి. తుపాకీ గురి మాత్రం మెరుగుపడలేదు. 200 సరిపోతుందని తేలింది. మన కుర్రాడి లెక్క చూడండి. ప్రీ వర్కౌట్ పొడి ఒక స్కూపులోనే 200 నుంచి 300 మిల్లీగ్రాములు ఉండటం మామూలే. 'కిక్కు రాలేదు' అని రెండో స్కూపు, దాని మీద 75 మిల్లీగ్రాములుండే 250 మిల్లీలీటర్ల డబ్బా. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 400 మిల్లీగ్రాములు హద్దు అంటారు. ఇతను అరగంటలోనే దాన్ని దాటేశాడు. కొన్ని పొడుల్లో బీటా అలనిన్ అనే అమైనో ఆమ్లం కలుపుతారు, దానివల్ల ముఖం, చేతులు చిమచిమలాడతాయి. అది బలం వస్తున్న గుర్తు అనుకుని మోతాదు పెంచేవాళ్లూ ఉన్నారు. ఇక పరుగులో గుండె దడ, వాంతి. ఎండ కూడా తోడైతే వడదెబ్బ. కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది కాబట్టి, రాత్రి పదింటికి తాగింది తెల్లవారుజాము మూడింటికి కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. పరుగుకు ముందు రాత్రి నిద్ర అలా పోతుంది.

మెఫెంటర్మిన్ వేరే సంగతి. అది ఆపరేషన్ థియేటర్ మందు. వెన్నుకు మత్తు ఇచ్చినప్పుడు బీపీ పడిపోతే, మత్తు డాక్టరు మానిటర్ చూస్తూ కొద్దికొద్దిగా ఎక్కించేది. పైన చెప్పిన యుద్ధకాలపు మాత్రల్లాగే యాంఫెటమిన్ అనే ఉత్తేజక మందుల కుటుంబానికి చెందింది. బీపీ సరిగ్గా ఉన్న కుర్రాడు తీసుకుంటే బీపీ ఒక్కసారిగా ఎగుస్తుంది, గుండె లయ తప్పొచ్చు. మానకుండా వాడితే నిద్ర పోతుంది, అకారణంగా అందరి మీదా అనుమానం మొదలవుతుంది, చివరికి మానలేని స్థితి వస్తుంది. పది మిల్లీలీటర్ల సీసా కాబట్టి నలుగురు పంచుకుంటారు, సూదితో సహా. అలా పంచుకుంటే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ ఒకరి నుంచి ఒకరికి సోకే దారి తెరుచుకుంటుంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు మైదానం దాకా ఎలా వస్తోందో ఔషధ నియంత్రణ శాఖ మందుల షాపుల కొనుగోలు, అమ్మకం బిల్లులు పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది. ఆపరేషన్లు చేయని వీధిలో ఆ సీసాలు డజన్ల కొద్దీ అమ్ముడుపోతుంటే ఇంకేం రుజువు కావాలి?

కుర్రాళ్లనే తిట్టి లాభం లేదు. అగ్నివీర్ ర్యాలీలో 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో ముగిస్తే 60 మార్కులు, ఒక్క సెకను దాటితే 48. ఆ ఒక్క సెకను ఖరీదు 12 మార్కులు. ర్యాలీ ఏ ఊళ్లో పెట్టినా కుప్పం నుంచో పుంగనూరు నుంచో వచ్చే కుర్రాడు రాత్రంతా బస్సులో కూర్చుని, చీకటితోనే వరుసలో నిలబడతాడు. నిద్రలేని ఒంటిని పరుగుకు లేపడానికి ఏదో ఒకటి వెతుక్కోక ఏం చేస్తాడు?

అందుకే అధికారులను అడిగేవి పెద్ద కోరికలేమీ కావు. ర్యాలీ ముందు రాత్రి దూరపు అభ్యర్థులు పడుకోవడానికి దగ్గర్లోని కల్యాణ మండపమో, కాలేజీ హాలో తెరవండి. నాలుగైదు గంటల నిద్ర చేసే మేలు ఏ పొడీ చేయదు. వరుస దగ్గర నీళ్లు, లీటరు నీళ్లకు ఒక ప్యాకెట్ చొప్పున కలిపిన ఓఆర్‌ఎస్, అరటిపళ్లు, టీ ఉంచండి. తినేది పరుగుకు రెండు గంటల ముందే పూర్తవ్వాలి, టీ తాగితే ముప్పావు గంట ముందు, రోజూ అలవాటున్నవాళ్లే. అలవాటు లేని దాన్ని పరుగు రోజునే మొదలుపెట్టకూడదని కోచ్‌లు ఖరాఖండిగా చెప్పాలి. శిక్షణ కేంద్రాల్లో బీపీ మిషను ఒకటి ఉంచి వారానికోసారి చూస్తే ఎగిసిన బీపీలు అక్కడే బయటపడతాయి. ఇంజెక్షన్ అమ్మేవాళ్ల సమాచారం మాదకద్రవ్యాలను అరికట్టే రాష్ట్ర పోలీసుల ఈగల్ విభాగం టోల్ ఫ్రీ నంబరు 1972కు చెప్పొచ్చని ప్రతి మైదానం గేటు దగ్గర బోర్డు పెట్టండి. చెప్పినవాళ్ల పేరు మాత్రం బయటకు రానివ్వకండి, పేరు బయటపడుతుందన్న భయంతోనే చాలామంది నోరు మెదపడం లేదు.

ఇట్లు,
కొందరు మాజీ సైనికులు, ఫార్మసిస్టులు
చిత్తూరు