గెడ్డ దారి రాయించాలిరా

విశాఖపట్నం

ఒరేయ్ రమణా,

పాపకి జ్వరం తగ్గిందా? మొన్న ఫోన్‌లో "భోగాపురం ఎయిర్‌పోర్టు వచ్చేస్తోంది కదా, ఇంకా పర్యావరణం గొడవ ఎందుకురా" అన్నావు. ఇంతలో ఎవరో పిలిస్తే పెట్టేశావు. నా మనసులో మాత్రం ఆ మాట అలాగే ఉండిపోయింది.

2014 అక్టోబర్ 12 తుఫాను గుర్తుందా? హుద్‌హుద్‌కి మన పాత ఎయిర్‌పోర్టు టెర్మినల్ కప్పు చెదిరింది, లోపలికి నీళ్లొచ్చాయి, కొన్నాళ్లు విమానాలే లేవు. దాని పక్కనుంచే మేఘాద్రి గెడ్డ, అదే ఆ వాగు, పోతుంది. రన్‌వే కోసం నేల చదును చేసి కాంక్రీటు పరిస్తే వాన నీరు ఇంకదు. గెడ్డకి దారి వదలకపోతే ఆ నీళ్లన్నీ పక్కవాళ్ల పొలాల మీదకే వస్తాయి. అందరూ విమానాల చప్పుడు గురించే అడుగుతారు గానీ, నాకు ముందు నీటి సంగతే.

భోగాపురం ఇక్కడితో ఆగదు, రేపు పెంచుతారు. కేంద్రం 2006లో ఇచ్చిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ఎయిర్‌పోర్టులకి కేంద్రం నుంచి ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి, సామర్థ్యం పెంచినా అంతే. అన్నిటికీ మూలం మొదట పెట్టే దరఖాస్తు. గోవాలో మోపా ఎయిర్‌పోర్టుకి ఏమైందో చూడు. దరఖాస్తులో చుట్టుపక్కల అడవుల సంగతి సరిగా చెప్పలేదని 2019 మార్చిలో సుప్రీంకోర్టు అనుమతిని నిలిపేసి, నిపుణుల కమిటీని మళ్లీ చూడమంది. 2020 జనవరిలో పనులకి ఒప్పుకుంది గానీ, షరతులు పెరిగాయి, వాటి అమలు చూసే పని నీరీ అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థకి అప్పగించారు. ఎయిర్‌పోర్టు వచ్చింది, అడవుల మాటా లెక్కలోకి వచ్చింది. నేను కోరేది అంతేరా.

అనుమతికి ముందు జరిపే ప్రజాభిప్రాయ సేకరణ సభకి కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో కూడా ఉండాలి, కలెక్టరాఫీసులో పూర్తి ప్రతి చూడొచ్చు. ఇంత మంది రావాలనే కోరం లేదు, పదిమందే వచ్చినా సభ జరిగిపోతుంది. అందుకే మనవాళ్లు వెళ్లి తీరాలి. సభ చివర్లో మినిట్స్, అంటే అక్కడ ఎవరేం అన్నారో రాసుకున్నది, తెలుగులో చదివి వినిపించాలి. గెడ్డ మాట అందులో లేకపోతే అక్కడే లేచి అడగాలి. రాతపూర్వకంగా కూడా ఇవ్వొచ్చు.

మీ బాబాయికి భోగాపురం చుట్టుపక్కల ఏ గెడ్డ ఎటు పారేదో, ఏ చెరువు ఎప్పుడు నిండేదో అంతా తెలుసు. ఆయన చేత ఒక కాగితం మీద గీయించి ఫోటో పంపు. మిగతాది నేను టైప్ చేయిస్తాను. పండక్కి వస్తే ఇద్దరం కలిసి ఆ గట్లన్నీ ఓసారి తిరిగొద్దాం.

నీ,
సత్యం