మా యార్డులో పాత లారీల ధరలు ఎందుకు తగ్గించామంటే

విజయవాడ ఆటోనగర్‌లోని మా యార్డుకు వచ్చి బండ్లు చూసుకునే లారీ యజమానులకు, ఫోన్‌లో ధరలు కనుక్కునే మిత్రులకు నమస్కారం. ఈ వారం నుంచి మా దగ్గరున్న ఏడు లారీలలో ఐదింటి ధర తగ్గించాము. ఇది సంక్రాంతి తగ్గింపు కాదు. నాలుగు నెలలుగా నేను చెబుతూ వచ్చిన ధరలు న్యాయమైనవి కావని కూర్చుని లెక్క వేసుకున్నాక తేలింది. ఆ లెక్క మీ ముందు పెట్టడం నా బాధ్యత.

2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త సరకు రవాణా వాహనాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. అంతకుముందు పన్నుతో కలిపి 32 లక్షలు పడిన పది చక్రాల బండి చాసిస్‌కు (బాడీ కట్టించని బండికి) పన్ను తీసేస్తే ధర 25 లక్షలు. అదే చాసిస్ ఇప్పుడు 29.5 లక్షలకు వస్తుంది. కొత్తది రెండున్నర లక్షలు దిగిన తరువాత కూడా పాతది పాత ధరకే నిలబడుతుందనుకోవడం వ్యాపారి ఆశ మాత్రమే. అదే నిష్పత్తిన చూస్తే, ఆగస్టులో నేను 16 లక్షలు చెప్పిన 2019 మోడల్ లారీ 14.75 లక్షలకు రావాలి. దానిని నేను కొన్నది 15 లక్షల 20 వేలకు. నేను ఎంతకు కొన్నానన్న దానితో మీకు పని లేదని ఒప్పుకోవడానికి నాకు ఇన్ని నెలలు పట్టింది. తెచ్చిన డబ్బుకు వడ్డీ నడుస్తుంటే ఆ మాట ఒప్పుకోవడం ఎంత కష్టమో ఆటోనగర్‌లో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, కొత్త బండి మీద ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకునే, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును తాము కట్టవలసిన పన్నులోంచి తగ్గించుకునే పెద్ద ట్రాన్స్‌పోర్టు సంస్థలకు ఈ తగ్గింపుతో అంతగా తేడా పడదు. ఒకటి రెండు లారీలు నడుపుకునేవారికి మాత్రం అది చేతికి తగిలే తేడా.

కొత్త బండి ధర నుంచి కిందికి దిగుతూ వచ్చాక, కొన్న ఏడాదిలోగా ఆ బండి మీ చేత ఎంత ఖర్చు పెట్టిస్తుందో దానిని కూడా తీసివేయాలి. మీటరులో కనిపించే కిలోమీటర్లకు నేను విలువ కట్టను. ఇంజిన్ బాగా వేడెక్కిన తరువాత ఆయిల్ పోసే మూత తీసి చూస్తాను. అక్కడి నుంచి పొగ దబదబా తన్నుకొస్తుంటే రింగులు, లైనర్లు అరిగినట్టే లెక్క, ఇంజిన్ విప్పే ఖర్చు ధరలోంచి పోవలసిందే. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలుంటాయి: 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గాట్లు ఎంత లోతుగా ఉన్నా, ఏళ్లు గడిచి గట్టిపడిన రబ్బరును కొత్త టైరుగా లెక్కగట్టడం తప్పు. ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు (బండి, లోడు కలిపి) కూడా చదవండి. 2018 జులైలో పది చక్రాల బండి పరిమితి 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెరిగింది. ఆర్‌సీలో పాత అంకే ఉంటే, ట్రిప్పు ట్రిప్పుకూ మూడున్నర టన్నుల కిరాయి వదులుకునే బండికి మీరు పూర్తి ధర ఇస్తున్నారన్నమాట. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ పరీక్ష ఏటా చేయించాలి కాబట్టి, పనికి పోకుండా ఆగే రోజులను కూడా ఖర్చులోనే వేయాలి.

చాసిస్, అంటే బండిని మోసే ఇనుప చట్రం విషయంలో నేనే ఒకసారి మోసపోయాను, నాతోపాటు ఒక కొనుగోలుదారు నష్టపోయారు. వెనుక కమాను కట్టల బ్రాకెట్ దగ్గర మిగతా చాసిస్ కంటే నిగనిగలాడుతున్న నల్లరంగును చూసి, అమ్మేవాడు శ్రద్ధగా రంగు వేయించాడనుకున్నాను. ఆ రంగు కింద పగులు మీద అతికించిన రేకు ఉంది. ఇసుక లోడుతో ఆరు నెలలు తిరిగేసరికి వెల్డింగ్ విడిపోయింది. మరమ్మతులో సగం నేను భరించాను. మొత్తం భరించి ఉండవలసిందని ఇప్పుడు అనిపిస్తోంది.

మొన్న ఒక పాత ఖాతాదారు కుమారుడు 2017 నాటి ఫోర్డ్ మస్టాంగ్ తెచ్చి, 14 వేల కిలోమీటర్లే తిరిగింది, ఎంత పెట్టవచ్చని అడిగారు. అది మా వ్యాపారం కాదు కనుక ధర చెప్పలేదు. లారీ ధరను దాని కిరాయి నిలబెడుతుంది. అలాంటి కారు ధరను ఊళ్లో దానిని కోరుకునే నలుగురే నిలబెడతారు. అది మొదటి నుంచీ దిగుమతి బండి, పైగా ఫోర్డ్ 2021లో మన దేశంలో కార్ల తయారీ మానుకుంటున్నట్టు ప్రకటించింది, కాబట్టి విడిభాగం కోసం ఎదురుచూసే వారాలకు కూడా ధరలో కోత పెట్టమన్నాను. ఎక్కువ రోజులు కదలకుండా నిలిచిన బండికి తక్కువ కిలోమీటర్లు గొప్ప కాదని కూడా చెప్పాను. ఆయనకు అంతగా నచ్చినట్టు లేదు.

పన్ను విషయంలో ఒక మాట. మాలాంటి డీలరు కొన్నప్పుడు ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోకపోతే, కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా మీదే జీఎస్టీ కడతాడు. లారీల విషయంలో 2025 జనవరిలో అది 12 శాతం నుంచి 18 శాతానికి పెరిగింది. నష్టానికి అమ్మితే ఆ పన్నే లేదు. అందువల్ల మొత్తం ధర మీద 18 శాతం అదనంగా ఇవ్వాలని ఎవరైనా అంటే, బిల్లులో ఆ లెక్క ఎలా వేశారో చూపించమని అడగండి.

ధర తగ్గించని రెండు లారీలు నవంబరులో కొన్నవి; వాటిని కొత్త లెక్క ప్రకారమే కొన్నాను. తగ్గించిన ఐదింటిలో 2016 మోడల్ ఒకదానికి ఎడమవైపు చాసిస్ మీద అతుకు ఉంది. అక్కడ రంగు గీకించి, వెల్డింగ్ గీత పైకి కనిపించేలా గేటు పక్కనే నిలబెట్టాము. దానికి 6 లక్షల 40 వేలు అడుగుతున్నాను. మీ మేస్త్రీని వెంట తెచ్చుకుని చూపించుకున్నాక బేరం మాట్లాడుకుందాం.