పరీవాహక కట్టడాల మరమ్మతులకు ఇంజినీర్ల ఎంపిక ఎలా ఉండాలి

సంపాదకులు గారికి నమస్కారం.

పట్టణానికి ఎగువన ఉన్న చెరువు కట్టలు, అలుగులు (మిగులు నీరు పొర్లిపోయే చోట్లు), తూములు (కట్ట అడుగున నీరు వదిలే గొట్టాలు), చెక్‌డ్యాములు, కల్వర్టులు పాతబడి దెబ్బతిన్నప్పుడు వాటి మరమ్మతుల కోసం ఇంజినీరింగ్ సంస్థల నుంచి ప్రతిపాదనలు కోరుతూ పురపాలక సంఘాలు పత్రికల్లో ప్రకటనలు ఇస్తుంటాయి. ఓ మూల చిన్న అక్షరాల్లో వచ్చే ఆ ప్రకటనలను కాంట్రాక్టర్లు, కన్సల్టెంట్లు తప్ప మిగతా పాఠకులు చదవరు. ఉద్యోగ జీవితమంతా నీటి కట్టడాల డిజైను, తనిఖీ పనుల్లోనే గడిపిన వాణ్ని కనుక, తర్వాత జరగబోయే పని మంచిచెడ్డలు చాలావరకు ఆ ప్రకటనలోని మాటలతోనే తేలిపోతాయని అనుభవం మీద చెప్పగలను. సాధారణంగా వాటిలో రెండు సంగతులు ఉంటాయి: బాగు చేయాల్సిన కట్టడం పేరు ఒకటి, అందరికంటే తక్కువ ఫీజు అడిగిన వారికి పని ఇస్తామన్న షరతు మరొకటి. ఈ రెండూ మారాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా కట్టడం పేరు సంగతి. ఫలానా అలుగు కింది గోడ కూలింది, తిరిగి కట్టడానికి డిజైను ఇవ్వండి అని పట్టణం అడిగితే ఇంజినీరు ఆ గోడకు మాత్రమే డిజైను ఇస్తాడు. అది ఎందుకు కూలిందో కనిపెట్టమని అతణ్ని ఎవరూ అడగలేదు, అందుకు పట్టే రోజులకు ఫీజూ కట్టలేదు. నా ఉద్యోగం తొలినాళ్లలో ఒక అలుగు దిగువ గోడ మూడు వానాకాలాల్లో మూడుసార్లు పడిపోవడం చూశాను. ప్రతిసారీ దాన్ని మునుపటికంటే మందంగా కట్టారు. నాలుగోసారి పని చూడడానికి వచ్చిన ఒక సీనియర్ ఇంజినీరు గోడను అలా ఉంచి, వాగు వెంట దిగువకు అర కిలోమీటరు నడిచారు. అక్కడ ఇసుక తవ్వకాల వల్ల వాగు అడుగు బాగా దిగిపోయి ఉంది. ఆ కోత ఏటికేడాది ఎగువకు పాకుతూ వచ్చి గోడ పునాది కిందికి చేరుతోందని ఆయన గుర్తించారు. వాగుకు అడ్డంగా ఒక చిన్న రాతి కట్టుబడి వేసి ఆ కోతను ఆపిన తర్వాతనే గోడ నిలిచింది. ఆ అర కిలోమీటరు నడక మొదటి సంవత్సరమే జరిగి ఉంటే రెండు గోడల ఖర్చు మిగిలేది.

అందుకే పని పరిధిలో ఒక కట్టడం పేరుకు బదులు మొత్తం పరీవాహక ప్రాంతం, అంటే వాన నీరు పారి ఆ కట్టడాలకు చేరే నేలంతా, ఉండాలి. నీరు పుట్టే గట్టు నుంచి పట్టణం దాటి బయటపడే చోటు దాకా ఒక దాని కింద ఒకటిగా ఉన్న కట్టడాలన్నీ ఒకే వరదను పంచుకుంటాయి కనుక, పైది తెగితే కిందిది తన వాటా వరదతో పాటు పైదాని నిల్వను కూడా ఒక్కసారిగా మోయాల్సి వస్తుంది. 2021 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లోని చెయ్యేరు నది మీద అన్నమయ్య జలాశయం మట్టికట్ట కొట్టుకుపోయినప్పుడు, ఎగువన పింఛా జలాశయం దగ్గర గండి పడి వచ్చిన నీరు కూడా ఆ వరదలో కలిసింది. 2023 సెప్టెంబరులో లిబియాలోని దెర్నా పట్టణానికి ఎగువన రెండు ఆనకట్టలు ఒకే రాత్రి తెగి వేలాది మంది చనిపోయారు. దెర్నా విషయంలో నన్ను ఎక్కువ కలచివేసేది మరొకటి ఉంది. ఆ ఆనకట్టల మరమ్మతుకు 2007లోనే ఒప్పందం కుదిరింది, పని మొదలైంది కూడా, కానీ 2011 నాటి అల్లర్లలో ఆగిపోయి మళ్లీ సాగలేదు. ఆ లోయకు ఉన్న వరద ముప్పును హెచ్చరిస్తూ 2022లో ఒక పరిశోధన పత్రం వెలువడింది. లోపం తెలియక జరిగిన నష్టం కాదది.

ఇక వరద లెక్క. చదరపు కిలోమీటరు నేల మీద 10 సెంటీమీటర్ల వాన కురిస్తే అది లక్ష ఘనపు మీటర్ల నీరు. పరీవాహకం 25 చదరపు కిలోమీటర్లు ఉంటే 25 లక్షల ఘనపు మీటర్లు. అందులో ఎంత ఇంకుతుంది, ఎంత పారుతుంది, పారింది ఎన్ని గంటల్లో కట్ట దగ్గరకు చేరుతుంది అన్నవి కట్టడం కట్టిన నాటికీ నేటికీ ఒకటిగా ఉండవు. పొలాలు, పొదలు ఉన్న చోట ఇళ్లు, రోడ్లు వచ్చాక అదే వాన మునుపటికంటే ఎక్కువ నీరై, తక్కువ వ్యవధిలో వచ్చి పడుతుంది. కాబట్టి పాత అలుగును పాత కొలతలతోనే తిరిగి కట్టడం చాలా చోట్ల పాత ప్రమాదాన్ని కొత్త సిమెంటుతో నిలబెట్టడమే అవుతుంది. నూరేళ్లకు ఒకసారి వచ్చే వరదకు డిజైను చేశామని చెబితే పాలకవర్గ సభ్యులు నిశ్చింతగా తల ఊపడం నేను చూశాను. ఆ మాటకు అర్థం అటువంటి వరద ఏ ఏడాదైనా రావడానికి ఒక శాతం అవకాశం ఉందని మాత్రమే. 50 ఏళ్ల కాలంలో అది ఒక్కసారైనా రావడానికి దాదాపు 40 శాతం అవకాశం ఉంటుంది. దిగువన ఇళ్లు ఉన్న కట్టకు ఇది చాలునా, ఇంకా పెద్ద వరదను లెక్కలోకి తీసుకోవాలా అన్నది ఇంజినీరు వివరించి చెప్పాలి, పాలకవర్గం తెలిసి నిర్ణయించాలి.

అలుగు గురించి ఇంకొక్క మాట చెప్పక తప్పదు, ఎందుకంటే మరమ్మతుల పేరిట ఎక్కువ హాని జరిగేది అక్కడే. అలుగు మీదుగా పారే నీటి లోతు సగానికి తగ్గితే ప్రవాహం సగం దగ్గర ఆగదు, సుమారు మూడో వంతుకు పడిపోతుంది. అంటే కట్ట మీద దారి వెడల్పు చేయడానికి కట్టను కొంచెం చెక్కినా, నిల్వ పెంచడానికి అలుగు మీద రెండు వరుసల రాయి పేర్చినా, చేపలు పోకుండా వల కట్టినా, చూడడానికి స్వల్పంగా కనిపించే ఆ మార్పు వరద రోజున ప్రాణాంతకం కావచ్చు. అమెరికాలోని జాన్స్‌టౌన్ పట్టణానికి ఎగువన ఉన్న సౌత్ ఫోర్క్ ఆనకట్టకు ఇలాంటివే జరిగాయి. అడుగున నీరు వదిలే గొట్టాలను తీసేసి మళ్లీ పెట్టలేదు, దారి కోసం కట్ట ఎత్తు తగ్గించారు, అలుగుకు చేపల జాలీలు బిగించారు. 1889 మే 31న చెత్త పేరుకుని జాలీలు మూసుకుపోయాయి, నీరు కట్ట మీదుగా పొర్లింది, 2,209 మంది చనిపోయారు. కట్టను బాగు చేశామనే దాని యజమానులు అనుకున్నారు.

మట్టికట్టలు తెగడానికి నీరు పైనుంచి పొర్లడం ఒక పెద్ద కారణమైతే, కట్ట లోపలి నుంచి మట్టి కొద్దికొద్దిగా కొట్టుకుపోవడం మరొకటి. ఈ రెండోది బయటికి కనిపించదు కనుకనే దానికి నిపుణుడు కావాలి. కట్ట వెనుక ఊట రావడం దానంతట అది ప్రమాదం కాదు. ఊటనీరు తేటగా ఉందా, మట్టి కలిసి ఉందా, చెరువు మట్టం పెరిగేకొద్దీ పెరుగుతోందా అన్నవి చూడాలి. ఊట కనిపించిన చోట దిగువ వైపు కాంక్రీటు పోసి మూసేయడం ఎన్నోచోట్ల చూశాను. అలా మూసినప్పుడు నీటి ఒత్తిడి లోపలే పెరిగి మరో దారి వెతుక్కుంటుంది. సరైన పద్ధతి ఆ నీటిని బయటికి రానిస్తూ మట్టిని మాత్రం ఆపే ఇసుక, కంకర వడపోత పొరలు వేయడం. ఆ పొరల్లోని రేణువుల పరిమాణం కట్టలోని మట్టి రేణువులకు తగినట్టు లెక్కగట్టి ఎంచుకోవాలి, అందుకు మట్టి నమూనాలు తీయాలి, ప్రయోగశాలలో పరీక్షించాలి. తూము గొట్టం లోపల కెమెరా పంపి చూడాలి, కట్ట పైభాగం పొడవునా లెవెల్స్ తీసి ఎక్కడ కుంగిందో పట్టుకోవాలి, చెట్ల వేర్లను, ఎలుకలు, పందికొక్కులు తవ్విన బొరియలను గుర్తించాలి. పాత కాగితాలు వెతకాలి. 2017 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ ఆనకట్ట అలుగు కాంక్రీటు పలకలు లేచిపోయి, ఆ తర్వాత వాడాల్సి వచ్చిన అత్యవసర అలుగు కింది నేల కూడా కోసుకుపోవడంతో దాదాపు 1,88,000 మందిని ఇళ్లు ఖాళీ చేయించాల్సి వచ్చింది. దానిమీద స్వతంత్ర నిపుణుల బృందం విచారణ జరిపి, కంటితో చేసే తనిఖీలు మాత్రమే చాలవని, తొలినాటి డిజైను, నిర్మాణ రికార్డులను మళ్లీ తెరిచి చూసి ఉండాల్సిందని చెప్పింది. పలకల కింద శిథిలమైన రాయి ఉన్న సంగతి ఆ పాత రికార్డుల్లోనే ఉంది.

ఇప్పుడు ఫీజు షరతు దగ్గరకు వస్తాను. ఫీజు తగ్గించి పని తెచ్చుకున్న సంస్థ మొదట కోత పెట్టేది పైన చెప్పిన పనులకే. మట్టి పరీక్షకు పది చోట్ల వేయాల్సిన బోర్లు రెండవుతాయి, వర్షం పడుతున్నప్పుడు వచ్చి చూడాల్సిన ఇంజినీరు ఎండాకాలంలో ఒకసారి వచ్చి ఫొటోలు తీసుకుపోతాడు, తెలియని వాటికి రక్షణగా డిజైనులో కాంక్రీటు పెరుగుతుంది. ఫీజులో మిగిలిందని పట్టణం సంతోషించిన సొమ్ము అంతకు అనేక రెట్లు నిర్మాణ అంచనాలోకి చేరుతుంది. అమెరికా ఫెడరల్ ప్రభుత్వం 1972లో చేసిన బ్రూక్స్ చట్టం ప్రకారం, ఇంజినీరింగ్ సేవల్లో ముందు అర్హతలను బట్టి సంస్థను ఎంచుకుని, ఆ తర్వాత న్యాయమైన ఫీజు మాట్లాడుకుంటారు, కుదరకపోతే అర్హతలో రెండో స్థానంలో ఉన్నవారిని పిలుస్తారు. ప్రపంచ బ్యాంకు రుణంతో జరిగే పనుల్లోనూ, మన సాధారణ ఆర్థిక నియమావళి, 2017లోనూ నాణ్యతకు, ధరకు కలిపి మార్కులు వేసే పద్ధతి ఉంది. తక్కువ ధర పద్ధతి ఏ నిర్ణయం తీసుకునే అవసరం లేని మామూలు కొలతల పనికి సరిపోతుంది. పాత కట్ట గుట్టు తేల్చే పని అటువంటిది కాదు. తక్కువ ధరకు ఇవ్వకపోతే ఆడిట్‌లో ప్రశ్న వస్తుందన్న భయమే అధికారులను అటు నెడుతోందని నాకు తెలుసు, వారి ఇబ్బంది నిజమైనదే. మార్కుల పద్ధతిని ప్రకటనలోనే స్పష్టంగా రాసి, మదింపు పత్రాలను బహిరంగంగా పెడితే ఆ భయం చాలావరకు తీరుతుంది.

ఫీజును నిర్మాణ వ్యయంలో ఇంత శాతం అని కట్టడం కూడా మానుకోవాలి. చిన్న పనితో తీరే సమస్యను పెద్ద పనిగా చూపితే ఆదాయం పెరిగే ఏర్పాటు ఎంత నిజాయితీ గల సంస్థకైనా పెట్టకూడని పరీక్ష. అధ్యయనం, డిజైను, పర్యవేక్షణ అని దశలు విడదీసి ఒక్కో దశకు నిర్ణీత ఫీజు ఇవ్వవచ్చు. డిజైను చేసిన ఇంజినీరును డ్రాయింగులు తీసుకుని పంపేయకుండా నిర్మాణం పూర్తయ్యేదాకా, వీలైతే ఆ తర్వాత రెండు వానాకాలాల దాకా బాధ్యుడిగా ఉంచాలి, ఎందుకంటే పునాది తవ్వినప్పుడు బయటపడే రాయి, మట్టి డ్రాయింగులో ఊహించిన దానికి భిన్నంగా ఉండడం మామూలు. అప్పుడు మార్పు చేయాల్సింది డిజైను చేసినవాడు, మేస్త్రీ కాదు. నివేదికను చదివి ప్రశ్నించగల ఇంజినీరు సొంతంగా లేని చిన్న పట్టణం, తన పక్షాన సమీక్షించడానికి మరో స్వతంత్ర ఇంజినీరును కొద్ది రోజులకైనా పెట్టుకోవడం మంచిది. నిర్మాణం ముగిశాక కట్టిన ప్రకారం గీసిన డ్రాయింగులు, పరీక్షల ఫలితాలు, నిర్వహణ పుస్తకం, కట్ట తెగితే ఏ వీధులు మునుగుతాయో చూపే పటం పట్టణం ఆస్తిగా అప్పగించాలని ఒప్పందంలో రాయాలి.

ఇన్నింటికీ డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న న్యాయమైనదే. అమెరికాలో 1954 నాటి చట్టం కింద, అలాంటి ఇతర కార్యక్రమాల కింద కట్టిన సుమారు 12 వేల చిన్న పరీవాహక ఆనకట్టల్లో ఎక్కువ వాటిని 50 ఏళ్ల ఆయుష్షు అనుకుని కట్టారు, ఆ గడువు దగ్గరపడే వేళకు, 2000లో, వాటి పునరుద్ధరణకు ప్రత్యేకంగా చట్ట సవరణ చేయాల్సి వచ్చింది. సంపన్న దేశానికే తప్పని భారం ఇది. అయినా అన్నీ ఒకేసారి చేయనక్కర్లేదు. మొదటి దశ అధ్యయనం కట్టడాలను ప్రమాద తీవ్రతను బట్టి వరుసలో పెడితే డబ్బు ఎటు ముందు పెట్టాలో తెలుస్తుంది. ఆ లోగా అనుమానం ఉన్న చెరువులో నీటిమట్టాన్ని ఒక మీటరు తగ్గించి ఉంచడం, అలుగు ముందు పొదలు కొట్టించడం, వాన రోజుల్లో కట్ట మీద ఒక మనిషిని కాపలా పెట్టడం పెద్ద ఖర్చు లేని పనులు.

పురపాలక సంఘాలు ఇకముందు ఇటువంటి ప్రకటన ఇచ్చినప్పుడు పని పరిధిలో మొత్తం పరీవాహకాన్ని చేర్చాయా, ఎంపిక మార్కుల్లో అర్హతకు ఎంత వాటా ఇచ్చాయి, నిర్మాణ పర్యవేక్షణను ఒప్పందంలో చేర్చాయా అన్న మూడు ప్రశ్నలు మీ విలేకరులు అడిగి, సమాధానాలను ప్రకటన వచ్చిన వారంలోనే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ప్రతిపాదనల గడువు ముగిసేలోపు అయితే సవరణ ప్రకటన ఇచ్చే వీలు ఇంకా ఉంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత నీటిపారుదల ఇంజినీరు