బోర్డు మీద అర్హత, గోడ మీద రిజిస్ట్రేషన్ నంబరు: మన సంఘం వార్షిక నివేదిక, 2025–26

సభ్యులందరికీ నమస్కారం.

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో సైకాలజిస్టులుగా, కౌన్సెలర్లుగా పనిచేస్తున్న మనం నడుపుకుంటున్న సంఘం ఈ ఏడాది చేసిన పనులను కార్యవర్గం తరఫున మీ ముందు ఉంచుతున్నాను. అవగాహన సభలు, బడుల్లో కార్యక్రమాలు ఎప్పటిలాగే జరిగాయి. అక్టోబరు 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినం జరుపుకున్నాం. వాటి గురించి ఎక్కువ చెప్పను. ఈ ఏడాది మన సమావేశాల్లో ఎక్కువ సమయం ఒకే ప్రశ్న మీద గడిచింది. కష్టంలో ఉన్న మనిషి మన గది తలుపు తట్టినప్పుడు, లోపల కూర్చున్నవాళ్ళకు నిజంగా ఆ పని చేసే అర్హత ఉందని ఎవరు హామీ ఇస్తారు?

డాక్టరుకు మెడికల్ కౌన్సిల్ ఉంది, లాయరుకు బార్ కౌన్సిల్ ఉంది, మందుల షాపులో ఫార్మసిస్టుకు ఫార్మసీ కౌన్సిల్ ఉంది. మన వృత్తిలో ఆ ఏర్పాటు సగమే జరిగింది. క్లినికల్ సైకాలజిస్టులు, అంటే మానసిక రుగ్మతలను పరీక్షించి చికిత్స చేసే సైకాలజిస్టులు, 1992 నాటి చట్టం ప్రకారం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, రిజిస్టరులో నమోదు కావాలి. నమోదు లేకుండా ప్రాక్టీసు చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడతాయని ఆ చట్టమే చెబుతోంది. ఆర్‌సీఐ దివ్యాంగుల పునరావాసం కోసం ఏర్పడిన సంస్థ, సామాజిక న్యాయ శాఖ కింద ఉంటుంది. అందుకే దాని దృష్టి క్లినికల్, రిహాబిలిటేషన్ సైకాలజిస్టుల దగ్గరే ఆగిపోయింది. ఎంఏ, ఎంఎస్సీ సైకాలజీ చదివి స్కూళ్ళలో, ఆసుపత్రుల్లో, సొంత గదుల్లో కౌన్సెలింగ్ చేసేవాళ్ళు ఏళ్ల తరబడి ఏ రిజిస్టరులోనూ లేరు. వాళ్ళ పక్కనే, వారాంతపు సర్టిఫికెట్ కోర్సు చేసినవాళ్ళూ అదే బోర్డు పెట్టుకున్నారు. అడిగేవాళ్ళు లేరు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం క్లినికల్ సైకాలజిస్టు అంటే ఎవరో స్పష్టంగా చెప్పింది. ఆర్‌సీఐ ఆమోదించిన సంస్థ నుంచి అర్హత ఉండాలి, లేదా సైకాలజీలో పీజీ తర్వాత పర్యవేక్షణలో శిక్షణతో కూడిన రెండేళ్ళ ఫుల్‌టైమ్ ఎంఫిల్ ఉండాలి. క్లినికల్ సైకాలజిస్టుల పేర్లు నమోదు చేసి, ఆ జాబితాను ప్రజలకు తెలియజేసే బాధ్యతను రాష్ట్ర మానసిక ఆరోగ్య సాధికార సంస్థకు అప్పగించింది. మిగతా సైకాలజిస్టులకు 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టంలో చోటు దొరికింది. అందులో బిహేవియరల్ హెల్త్ అనే విభాగంలో సైకాలజిస్టులు, మెడికల్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు, హెచ్‌ఐవీ కౌన్సెలర్లు ఉన్నారు. ఆర్‌సీఐ పరిధిలోని క్లినికల్ సైకాలజిస్టులను మాత్రం ఇందులో కలపలేదు. అంటే ఒకే వృత్తికి రెండు చట్టాలు, రెండు శాఖలు. ప్రతి రాష్ట్రం ఆరు నెలల్లో కౌన్సిల్ ఏర్పాటు చేయాలని 2021 చట్టంలో ఉంది. రాష్ట్రాలు కదలకపోవడంతో 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు రెండు నెలల గడువు పెట్టాల్సి వచ్చింది.

ఇదంతా సభ్యులకు తెలిసిందే అయినా మళ్ళీ రాశాను. ఈ ఏడాది కొత్తగా చేరినవాళ్ళలో చాలామంది అడిగిన మొదటి ప్రశ్న "నేను ఎక్కడ నమోదు కావాలి?" అనేదే.

బోర్డుల తీర్మానం

ఈ ఏడాది మనం చేసిన పనుల్లో దీన్నే ముఖ్యమైనదిగా నేను చూస్తున్నాను. సర్వసభ్య సమావేశంలో గట్టి చర్చ జరిగింది, కొందరికి కోపాలు కూడా వచ్చాయి. చివరికి ఒప్పుకున్న తీర్మానం ఇది. మన సభ్యులెవరైనా బోర్డు మీద, విజిటింగ్ కార్డు మీద తమ డిగ్రీ, అది ఇచ్చిన విశ్వవిద్యాలయం, ఆర్‌సీఐ నమోదు ఉంటే ఆ నంబరు రాయాలి. నమోదు లేనివాళ్ళు క్లినికల్ అనే మాట వాడకూడదు. పీహెచ్‌డీ ఉన్నవాళ్ళు పేరు ముందు డాక్టర్ అని రాసుకుంటే, కింద సైకాలజీలో పీహెచ్‌డీ అని కూడా రాయాలి. మందులు రాసేది సైకియాట్రిస్టు లాంటి డాక్టర్లేనని, మనం రాయబోమని గదిలో పెద్ద అక్షరాలతో పెట్టాలి.

"ప్రభుత్వం అడగని దాన్ని మనమే మన మెడకు ఎందుకు చుట్టుకోవాలి?" అని కొందరు పెద్దలు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. కార్యవర్గం చెప్పిన జవాబు: గుర్తింపు ఇవ్వమని విజయవాడ వెళ్ళి అర్జీ పెట్టే ముందు మన ఊళ్ళో మన బోర్డులు శుభ్రంగా ఉండాలి. నకిలీల మీద ఫిర్యాదు చేసే నోటికి ఆ బలం కావాలి. చాలామంది బోర్డులు మార్చారు. మార్చనివాళ్ళతో కార్యవర్గ సభ్యులు స్వయంగా వెళ్ళి మాట్లాడుతున్నారు.

ఇంకా తేలని చిక్కు ఒకటుంది. మన సభ్యుల్లో కొందరు దూరవిద్యలో ఎంఏ సైకాలజీ చేశారు. ఉద్యోగం చేస్తూ, పిల్లల్ని పెంచుకుంటూ చదివినవాళ్ళు వీళ్ళు. కళ్యాణదుర్గం, ఉరవకొండ, రాయదుర్గం లాంటి చోట్ల రెగ్యులర్ కోర్సు అందుబాటులో లేక ఆ దారి పట్టారు. 2025 జులై–ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీతో సహా ఆరోగ్య సంబంధ కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని విశ్వవిద్యాలయాల నియంత్రణ సంస్థ యూజీసీ ఆదేశించింది. దానికి ఆధారంగా చూపింది 2021 చట్టాన్నే. ఎదురుగా మనిషిని కూర్చోబెట్టుకుని, పెద్దల పర్యవేక్షణలో నేర్చుకోవాల్సిన పని ఇది, పోస్టులో వచ్చే పుస్తకాలతో రాదు. అందుకే ఆ నిర్ణయం సరైనదని నా అభిప్రాయం. కానీ అప్పటికే చదివి, ఏళ్ల తరబడి మంచి పని చేస్తున్నవాళ్ళను ఒక్క దెబ్బతో పక్కకు నెట్టడం న్యాయం కాదు. పర్యవేక్షణలో కొంతకాలం పనిచేసి, పరీక్షకు కూర్చుని నమోదు పొందే దారి వాళ్ళకు ఉండాలి. మన అర్జీలో ఇదే మొదటి అంశం.

క్లినికల్ వైపు కూడా టెన్షన్ తక్కువేమీ లేదు. జాతీయ విద్యావిధానంతో ఎంఫిల్‌ను ఆపేసినప్పుడు, క్లినికల్ సైకాలజీ ఎంఫిల్‌కు మాత్రం 2025–26 వరకు అడ్మిషన్లకు అనుమతి ఇచ్చారు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఇంకా ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్‌గా ఉన్న రోజుల్లోనే, 1955లో, ఈ శిక్షణ మొదలైంది. అంత చరిత్ర ఉన్న శిక్షణ ఇది. దీని స్థానంలో ఏ కోర్సు వచ్చినా ఆసుపత్రి వార్డులో గడిపే గంటలు తగ్గకూడదని మన సంఘం కోరుతోంది.

సదరం దగ్గర

గుత్తి వైపు ఒక ఊరి నుంచి ఒక తల్లి తన కొడుకును తీసుకుని మన సహాయ కేంద్రానికి వచ్చింది. అబ్బాయికి మేధోపరమైన వైకల్యం ఉంది. ఊళ్ళో "గాలి సోకింది" అని కొన్నేళ్ళు తిప్పారు. తర్వాత ఎవరో చెబితే ఒక ప్రైవేటు సెంటర్‌లో ఐక్యూ టెస్ట్ చేయించింది. రిపోర్టు మీద సంతకం ఉంది, నమోదు నంబరు లేదు, ఏ పరీక్ష చేశారో కూడా లేదు. వైకల్య ధ్రువపత్రం ఇచ్చే ప్రభుత్వ సదరం క్యాంపులో దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. కూలి డబ్బులు పోయాయి, పింఛను ఆలస్యమైంది. "మాకేం తెలుసు సామీ, బోర్డు చూసి పోయినాం" అంది. మన సభ్యుల్లో ఆర్‌సీఐ నమోదు ఉన్నవాళ్ళు తెలివితేటల్ని కొలిచే బినే–కామత్ పరీక్ష, రోజువారీ పనుల్లో నేర్పును కొలిచే వైన్‌ల్యాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేల్ చేసి, సరైన రిపోర్టు ఉచితంగా రాసిచ్చారు. నమోదు నంబరు లేని సంతకానికి ఎవరు మూల్యం చెల్లించారో ఆ తల్లిని చూస్తే తెలుస్తుంది. ఇలాంటి కుటుంబాల కోసం ఉచిత పరీక్షల రోజును వచ్చే ఏడాది కూడా కొనసాగిస్తాం.

కాలేజీలు, హాస్టళ్ళు

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని మరణం కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మన పనిని నేరుగా తాకింది. వంద, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలి. పిల్లల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో వాళ్ళకు శిక్షణ ఉండాలి. అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఒప్పందం పెట్టుకోవాలి. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడదీయడం, అందరి ముందు అవమానించడం కూడదు. హాస్టళ్ళలో, తరగతుల్లో టెలీ–మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ) లాంటి హెల్ప్‌లైన్ నంబర్లు కనిపించేలా పెట్టాలి. అమలును చూడటానికి కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ ఉండాలి.

ఈ తీర్పు తెలుగు ప్రతిని అనంతపురం, గుంతకల్లు, తాడిపత్రి, ధర్మవరం, హిందూపురంలోని జూనియర్ కాలేజీలకు మన సభ్యులే తీసుకెళ్ళి ఇచ్చారు. కొన్నిచోట్ల ప్రిన్సిపాళ్ళు ఓపిగ్గా విన్నారు. ఒక కార్పొరేట్ కాలేజీలో మాత్రం ఫిజిక్స్ లెక్చరర్‌నే కౌన్సెలర్ అని చూపించారు. పొద్దున క్లాసులో మార్కుల గురించి మందలించిన మనిషికే సాయంత్రం ఏ పిల్లాడు మనసు విప్పుతాడు? పైగా పిల్లలు చెప్పింది మేనేజ్‌మెంట్‌కు చేరవేయమని అడుగుతున్నారని మన సభ్యురాలు ఒకరు చెప్పారు. ఆమె ఒప్పుకోలేదు, ఉద్యోగం వదులుకున్నారు. చెప్పిన సంగతి బయటకు పొక్కనివ్వకపోవడం మన పనికి ప్రాణం. ఆమెకు కార్యవర్గం తరఫున కృతజ్ఞతలు. కలెక్టర్ కార్యాలయంలో ఇచ్చిన వినతిపత్రంలో మూడు విషయాలు కోరాం: కౌన్సెలర్ అర్హతను కమిటీ పరిశీలించాలి, ఆ వ్యక్తికి బోధన బాధ్యత ఉండకూడదు, గోప్యతను నియామక పత్రంలోనే రాయాలి.

ఊళ్ళలో

మన పక్కనే ఉన్న బళ్ళారి జిల్లాలో 1980లలో నిమ్హాన్స్ చేసిన ప్రయోగం నుంచే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం పుట్టింది. ఆ కార్యక్రమం కింద పనిచేసే జిల్లా బృందంలో సైకియాట్రిస్టుతో పాటు క్లినికల్ సైకాలజిస్టు ఉండాలి. అయినా మన జిల్లా జనం ఇప్పటికీ బస్సెక్కి బెంగళూరు పోతున్నారు. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సుమారు 15 కోట్ల మందికి ఏదో ఒక సాయం అవసరం. వేరుశనగ పంట పోయిన ఊళ్ళలో అప్పుల బాధ తెలిసిన మనకు ఆ లెక్క పెద్దగా అనిపించదు. ఆశా కార్యకర్తలకు ఆత్మహత్య ఆలోచనల్ని గుర్తించడం, టెలీ–మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయించడం నేర్పించాం. 2022 నుంచి నడుస్తున్న ఈ సేవలో తెలుగులో మాట్లాడేవాళ్ళు ఉంటారని చాలామందికి మొదటిసారి తెలిసింది.

ఇతర విషయాలు

జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో విడిగా జతచేశాం. ఆర్‌సీఐ నమోదు ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, దానికి సీఆర్ఈ, అంటే వృత్తిలో కొనసాగుతూ తీసుకునే శిక్షణ, పాయింట్లు కావాలి. గడువు దగ్గరపడినవాళ్ళు చివరి నెల దాకా ఆగొద్దు. 2021 చట్టం కింద నమోదు కోసం డిగ్రీలు, మార్కుల జాబితాలు, అనుభవ పత్రాలు, పర్యవేక్షకుల లేఖలు ఇప్పుడే ఒక ఫైల్‌లో పెట్టుకోండి. లేఖ ఇవ్వాల్సిన సీనియర్లు వెనకాడొద్దని కార్యవర్గం కోరుతోంది. బోర్డుల తీర్మానం మీద అభ్యంతరాలు ఉన్నవాళ్ళు వాటిని రాతపూర్వకంగా, సర్వసభ్య సమావేశానికి వారం ముందు కార్యదర్శికి అందజేయాలి. చర్చకు తగినంత సమయం కేటాయిస్తాం.

కార్యదర్శి,
కార్యవర్గం తరఫున
అనంతపురం