కారు తాళం, కర్రసాము

కీలెస్ కార్లు, అంటే తాళం జేబులో ఉంటే చాలు తలుపు తెరుచుకునేవి, ఉన్నవాళ్లు ఒకసారి చదవండి. తాళం గుమ్మం దగ్గర తగిలిస్తే, దాని సిగ్నల్‌ను దొంగలు బయటినుంచే ఒక పరికరంతో పట్టి కారు దాకా అందిస్తారు. అద్దం పగలదు, చప్పుడూ రాదు. సిగ్నల్ ఆపే పౌచ్‌లో పెట్టండి. పెట్టాక ఆ పౌచ్ పట్టుకుని కారు పక్కన నిలబడి తలుపు తెరుచుకుంటుందేమో చూసుకోండి, కొన్ని పౌచ్‌లు ఉత్త సంచులే! స్టీరింగ్ లాక్ పాతదని తీసిపారేయకండి, దాన్ని కోయడానికి టైమ్ పడుతుంది.

ఇక కర్ర పట్టుకుని ఉరికే వీరులకు: ఆత్మరక్షణ అంటే ఒంటి మీదికొచ్చిన ముప్పు తప్పించుకునేంత వరకే. పారిపోతున్నవాణ్ణి వెంటాడి కొడితే చాలాచోట్ల కేసు మీ మీదే పడొచ్చు. కత్తి చూపించి తాళం అడిగితే ఇచ్చేయండి. వెనక సీట్లో పిల్లలుంటే ఆ మాట వెంటనే గట్టిగా చెప్పి, ముందు వాళ్లను దింపుకోండి. ఆ తర్వాతే పోలీసులకు ఫోన్, ఇన్సూరెన్స్ గొడవ.