ఆ మిషన్‌కి దుప్పటి కప్పకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు చలికాలంలో తీసుకోవాల్సిన జాగ్రత్తలని మీ ఎన్నారై పేజీలో వేశారు. మంకీ క్యాప్, ఉన్ని సాక్సులు, పెదాలకు వాజ్‌లీను, మందుల చీటీ, అన్నీ ఉన్నాయి. ఆ పెద్దవాళ్లు నెలల తరబడి తలుపులు బిగించుకుని కూర్చునే ఇంటిని వెచ్చగా ఉంచే హీట్ పంప్ అనే మిషన్ గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. రాసినవారికి ఆ అవసరం పడి ఉండదు. నాకు పడింది.

నేను విజయవాడ గవర్నర్‌పేటలో 34 ఏళ్లు ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేశాను. ఇప్పుడు షాపు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. మా అమ్మాయివాళ్లు మసాచుసెట్స్‌లో, బోస్టన్‌కి పడమరగా గంట దూరంలో ఉన్న ష్రూస్‌బరీలో ఉంటారు. 2022 అక్టోబరులో మేమిద్దరం మొదటిసారి వెళ్లేసరికి పాత ఆయిల్ బాయిలర్‌ని అవసరానికి ఉంచుకుని కొత్తగా హీట్ పంప్ పెట్టించారు. "నాన్నా, ఇలాంటిది నువ్వు చూసి ఉండవు" అంటూ మా అమ్మాయి నన్ను పెరట్లోకి తీసుకెళ్లింది. చూస్తే మన స్ప్లిట్ ఏసీయే! బయట ఫ్యాను పెట్టె, లోపల గోడకి మూడు ఇండోర్లు. ఢిల్లీలో హాట్ అండ్ కోల్డ్ ఏసీ అని అమ్ముతారే, దాని పెద్దన్న.

ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటుంది. లోపలి కూరగాయల వేడిని లాగి వెనక పారబోస్తోందన్నమాట. హీట్ పంప్ చేసేదీ అదే. కాకపోతే పెరటి గాలిలోని వేడిని లాగి హాల్లో పోస్తుంది. బయట మైనస్ పది ఉంటే ఇంకా వేడెక్కడిదని మా ఆవిడ అడిగింది. లోపల తిరిగే 410ఏ గ్యాసు మామూలు ఒత్తిడిలో మైనస్ 50 చలిలో కూడా మరుగుతుంది. దానికి మైనస్ పది గాలి అంటే పొయ్యి లెక్క. ఫోర్‌వే వాల్వ్ అని ఒక చిన్న ఇత్తడి ముక్క గ్యాసు దారిని తిప్పేస్తే వేసవిలో చల్లదనం, చలికాలంలో వేడి.

ఇంత తెలిసిన నేను కూడా మొదటి చలికాలంలోనే బోల్తా పడ్డాను. డిసెంబరులో ఒక తెల్లవారుజామున ఐదున్నరకి మా ఆవిడ కాఫీ గ్లాసుతో వంటింటి కిటికీ దగ్గర నిలబడి "ఏమండీ, మిషన్ తగలబడిపోతోంది" అని అరిచింది. పరిగెత్తాను. బయట ఫ్యాను ఆగిపోయి ఉంది. పెట్టెలోంచి ఇడ్లీ కుక్కర్ మూత తీసినట్టు తెల్లటి ఆవిరి లేస్తోంది. లోపల ఇండోర్ నోరు మూసుకుని చల్లగా ఉంది. నేను మెయిన్ ఆపేయబోయాను. చెయ్యి స్విచ్ మీద ఉండగానే లోపల సుయ్‌మని గ్యాసు తిరిగిన చప్పుడు, బయట ఫ్యాను మళ్లీ అందుకుంది. అప్పుడు వెలిగింది. డీఫ్రాస్ట్! బయటి కాయిల్, అంటే గ్యాసు తిరిగే గొట్టాల చుట్ట, చల్లగా ఉండేసరికి గాలిలో తేమ దాని మీద నూగులా మంచు కడుతుంది. మిషన్ కాసేపు తన పని తిరగేసుకుని, ఇంట్లో వేడినే బయటికి పంపి, ఆ మంచుని కరిగించుకుంటుంది. ఐదారు నిమిషాల్లో అయిపోతుంది. విజయవాడలో 34 ఏళ్లలో ఔట్‌డోర్ మీద మంచు చూసిన పాపాన పోలేదు కదా, ఎక్కడ తట్టేది? తమాషా ఏమిటంటే ఈ మంచు బాగా గడ్డకట్టే చలిలో కంటే సున్నా డిగ్రీల చుట్టుపక్కల, వాన తుంపర ఉన్న రోజుల్లోనే ఎక్కువ పడుతుంది.

కాబట్టి అక్కడికెళ్లే పెద్దవాళ్లకి నా మొదటి మాట: ఆవిరి చూసి కంగారుపడి స్విచ్ ఆపేయకండి. గంట గడిచినా మంచు దిగకుండా పెట్టె మొత్తం ఐసు దిమ్మలా ఉంటే అప్పుడు మెకానిక్‌ని పిలవాలి.

మా వాళ్లింట్లో ఆ దిమ్మ కూడా చూశాం. బిగించినవాళ్లు (పేరెందుకు లెండి) ఔట్‌డోర్‌ని సరిగ్గా చూరు కింద, నేల మీది సిమెంటు పలక మీద పెట్టి వెళ్లారు. మన దగ్గరైతే నీడ పడుతుందని నేనూ అక్కడే పెడతాను. మంచు ఊళ్లో అది పనికిరాదు. పగలు కప్పు మీది మంచు కరిగి చూరు నుంచి చుక్క చుక్కా పెట్టె మీద పడింది. రాత్రి అది గడ్డకట్టి ఫ్యాను రెక్కలకి తగిలి టకటకలాడింది. డీఫ్రాస్ట్‌లో కారిన నీళ్లు పోయే దారిలేక పలక మీదే గడ్డకట్టి, కింద నుంచి కాయిల్‌ని పట్టేసుకున్నాయి. మా అల్లుడు స్క్రూడ్రైవర్ పట్టుకొచ్చి "పగలగొట్టేద్దాం మావయ్యగారూ" అన్నాడు. చేతిలోంచి లాక్కున్నాను. ఆ రేకుల వెనకే గ్యాసు గొట్టాలు ఉంటాయి. వాళ్ల స్నేహితుడొకాయన అలాగే పొడిచి, ఉన్న గ్యాసంతా ఒక్క నిమిషంలో గాలికి వదిలేశాడు. మేం మిషన్ ఆపి, గోరువెచ్చటి నీళ్లు మగ్గులతో పోస్తూ గంటన్నర కూర్చున్నాం. వేళ్లు నావి కానట్టు అయిపోయాయి. ఆ తర్వాత ఏడాది దాన్ని అడుగున్నర ఎత్తు స్టాండు మీదకి ఎక్కించి, పైన చిన్న రేకు చూరు పెట్టించారు. మంచు పడ్డాక చుట్టూ రెండడుగులు పారతో తీసేస్తే చాలు.

ఇక దుప్పటి సంగతి. మొదటి మంచు తుపాను ముందురోజు మా ఆవిడ జాలిపడి పాత దుప్పటి తెచ్చి పెట్టెకి చుట్టి తాడు కట్టింది. మర్నాడు రిమోట్ మీద ఏదో కోడ్ వెలిగి మిషన్ ఆగింది. పీల్చుకోవడానికి గాలి లేకపోతే అది వేడి ఎక్కడి నుంచి తెస్తుంది? బయట అమ్మే ప్లాస్టిక్ తొడుగులు కూడా అంతే. చలికాలమంతా ఆగకుండా నడిచే మిషన్ అది. తొడిగితే చంపినట్టే.

లోపలి జాగ్రత్తల్లో మనవాళ్లకి మాత్రమే వచ్చే జబ్బొకటుంది. వంటింటికి దగ్గరగా ఉన్న ఇండోర్ సరిగ్గా వేడి ఇవ్వడం లేదని మా అమ్మాయి అంటే మూత ఎత్తి చూశాను. ఫిల్టరు మీద పసుపు రంగు జిడ్డు, వేలితో గీస్తే గీత పడింది. వాసన చూస్తే పోపు! రోజూ తాలింపులు, ఆదివారం వడలు, పైగా దేవుడి గదిలో సాంబ్రాణి. కిటికీలు తీసే కాలం కాదు, ఆ పొగంతా ఎక్కడికి పోతుంది? గోరువెచ్చటి నీళ్లు, కొంచెం గిన్నెల సబ్బు వేసి కడిగి నీడలో ఆరబెట్టి పెడితే ఆ సాయంత్రానికే గది మారిపోయింది. కంపెనీవాళ్లు ఇచ్చిన పుస్తకం ఏం చెప్పినా, తెలుగు వంటింటి పక్క ఫిల్టరు రెండు వారాలకోసారి కడగాల్సిందే. పొయ్యి మీది ఎగ్జాస్ట్ ఫ్యాను వేయడం మర్చిపోకూడదు.

రిమోట్ దగ్గర రెండు ముక్కలు. "ఆటో" మోడ్ వద్దు, ఎండ పడ్డ మధ్యాహ్నం అది చల్లదనానికి తిరగబడుతుంది. సూర్యుడు బొమ్మ ఉన్న హీట్ మోడ్ పెట్టండి. గాలి రెక్కల్ని మనం ఏసీకి పైకి పెడతాం. వేడికి కిందికి దించాలి, లేకపోతే వెచ్చదనమంతా కప్పు దగ్గరే ఉండిపోయి కాళ్లు జివ్వుమంటాయి.

రాత్రి పడుకునేటప్పుడు, బయటికి వెళ్లేటప్పుడు కట్టేసే అలవాటు మనకి రక్తంలో ఉంది. కరెంటు ఆదా అనుకుంటాం. అక్కడ అది ఎదురుతంతుంది. చల్లబడ్డ గోడలు, మంచాలు, నేల అన్నీ మళ్లీ వేడెక్కాలంటే మిషన్ తెల్లారుజామున, అంటే అసలు చలిలో, ఫుల్ స్పీడులో గంటల తరబడి కొట్టుకోవాలి. 68 ఫారెన్‌హీట్, అంటే మన 20 డిగ్రీలు, పెట్టి వదిలేస్తే నెమ్మదిగా తిరుగుతూ తక్కువ తింటుంది.

నార్త్ కరోలినాలో కేరీలో ఉండే మా తోడల్లుడి కొడుకుది ఇంకో కథ. వాళ్లది డక్టుల్లోంచి గాలి వచ్చే రకం. అందులో సాయానికి పది కిలోవాట్ల కరెంటు హీటర్ ఉంటుంది. ఒక చలి రాత్రి భయపడి గోడ మీది థర్మోస్టాట్‌లో "ఎమర్జెన్సీ హీట్" నొక్కాడు. ఇల్లు బ్రహ్మాండంగా వేడెక్కింది. మూడు వారాలు తియ్యలేదు. బిల్లు చూశాక నాకు ఫోను. ఆ బటన్ నొక్కితే బయటి కంప్రెసర్ పూర్తిగా ఆగిపోతుందిరా, నువ్వు ఇంటిని వాటర్ హీటర్‌తో వెచ్చచేసుకుంటున్నావు అన్నాను. హీటర్ గంట నడిస్తే పది యూనిట్లు. అంతే వేడిని హీట్ పంప్ వాళ్ల ఊరి మామూలు చలిలో నాలుగు యూనిట్లలో తెచ్చేది. ఆ బటన్ కంప్రెసర్ చెడిపోయినప్పటికే.

మరీ పెద్ద చలికి తట్టుకుంటుందా అని అందరూ అడుగుతారు. 2023 ఫిబ్రవరి 4న మేం అక్కడే ఉన్నాం. బోస్టన్‌లో మైనస్ 23 సెల్సియస్. 1957 తర్వాత అంత చలి ఆ ఊరు చూళ్లేదని టీవీలో ఒకటే గోల. మిషన్ ఆగలేదు, కానీ ఇల్లు 21 నుంచి 18కి జారింది. ఆ ఒక్క రాత్రి బాయిలర్ వేశాం. అందుకే ఉన్న పాతదాన్ని పీకేయించకండని నా సలహా. కొనేటప్పుడు కూడా మైనస్ 15 దగ్గర ఎంత వేడి ఇస్తుందో కాగితం అడగాలి, టన్నులు చూసి మోసపోకూడదు.

సంక్రాంతికి ఇండియా వచ్చేవాళ్లు మెయిన్ ఆపేసి తాళం వేసి రాకండి. మిషన్ సంగతి తర్వాత, గోడల్లో నీళ్ల పైపులు గడ్డకట్టి పగులుతాయి. 15 డిగ్రీల దగ్గర పెట్టి, పక్కింటివాళ్లకి తాళం ఇచ్చి రావాలి. కంప్రెసర్ అడుగున నూనెని వెచ్చగా ఉంచే చిన్న హీటర్ ఉంటుంది, కరెంటు కట్టేస్తే అదీ పోతుంది.

ఇంకొకటి, ఏటా "గ్యాసు నింపాలి" అనే మెకానిక్‌ని నమ్మకండి. ఈ మాట నా వృత్తివాళ్లకి నచ్చదు, తెలుసు. అది మూసి ఉన్న గొట్టాల్లో తిరిగే గ్యాసు, పెట్రోలు కాదు అయిపోవడానికి. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. ముందు కారే చోటు పట్టుకోమనండి.

కొత్త హీట్ పంప్‌కి గరిష్ఠంగా 2,000 డాలర్ల దాకా వచ్చే ఫెడరల్ పన్ను రాయితీ 2025 డిసెంబరు 31తో పోయింది. ఉన్నదాన్ని పదిహేనేళ్లు నడిపించుకోవడమే ఇప్పుడు లాభం. మసాచుసెట్స్‌లో ఉన్నవాళ్లకైతే 2025 నవంబరు నుంచి హీట్ పంప్ ఇళ్లకి చలికాలం కరెంటు రేటు కొంత తగ్గించారు. మీ పిల్లల బిల్లులో ఆ రేటు పడిందో లేదో ఒకసారి చూడమనండి.

సంపాదకుడు గారూ, ఈ ఉత్తరం వేస్తే సెప్టెంబరులో వేయండి, జనవరిలో వద్దు. అక్టోబరులో మేపుల్ ఆకులు రాలి ఔట్‌డోర్ వెనక పొరలా అతుక్కుంటాయి, వాటిని చేత్తో తీసి పైపుతో మెల్లగా నీళ్లు కొట్టాలి. ఇంకా చలి ముదరకముందే ఒక సాయంత్రం అరగంట హీట్‌లో నడిపి చూస్తే లోపం ఉంటే అప్పుడే బయటపడుతుంది, మెకానిక్ కూడా ఫోన్ ఎత్తుతాడు. మంచు పడ్డాక ఎత్తడు. మేం ఈ అక్టోబరులో మళ్లీ వెళ్తున్నాం. మా ఆవిడ ఆ దుప్పటి వాళ్లింట్లోనే దాచింది. ఈసారి దాన్ని హాల్లోకి తెచ్చిపెట్టే కరివేపాకు కుండీకి చుడుతుందట. కుండీని ఇండోర్ గాలి తగలని మూలకి జరిపితే చాలని చెప్తున్నాను, వినడం లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏసీ మెకానిక్,
గవర్నర్‌పేట, విజయవాడ