నల్లమలలో మా చిన్నాయనను వెతికిచ్చిన అందరికీ

శివరాత్రికి శ్రీశైలం పాదయాత్రలో తప్పిపోయిన మా చిన్నాయన దొరికాడు. సున్నిపెంట ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించారు, చీలమండ వాపు తగ్గుతోంది, నిన్న ఇంటికి తెచ్చుకున్నాం. టెన్షన్‌తో ఫోన్లు చేస్తూనే ఉన్న మీ అందరికీ ముందు ఈ మాట చెప్పాలి.

ఆయన వెంకటాపురం నుంచి నాగలూటి మీదుగా బయలుదేరాడు. పెద్దచెరువు దాటాక భీముని కొలను దాకా అడవే, ఫోన్లు పనిచేయవు. తోటివాళ్ళు కైలాసద్వారం ఎక్కి చూసుకుంటే ఆయన లేడు. భీముని కొలను మెట్ల దగ్గర చూశామని ఇద్దరు చెప్పారు. వాళ్ళను తప్పు పట్టను. మాలలో ఉన్నవాళ్ళందరివీ ఒకే రంగు బట్టలు, ఎవరిని పిలిచినా "స్వామీ" అనే. ఆ మాట నమ్మి ఒక పగలంతా ఆ లోయలోనే వెతికాం.

మమ్మల్ని అక్కడి నుంచి వెనక్కి తిప్పింది పెద్దచెరువు దగ్గర అన్నదానంలో వడ్డించిన అక్క. "మీ చిన్నాయన బీపీ మాత్రల సంచి ఇక్కడే మరిచిపోయాడు నాయనా, అడుగుతాడని ఎత్తిపెట్టినా" అంది. ఆ తర్వాత రాయచూరు స్వాములు, కాళ్ళు బొబ్బలెక్కి ఉన్నా, కూర్చుని తమ ఫోన్లన్నీ వెతికారు. పెద్దచెరువు దాటాక వచ్చే మఠంబావి దగ్గర తీసిన ఒక భజన వీడియోలో, సాయంత్రం 5 దాటాక, అందరూ ముందుకు పోతుంటే మా చిన్నాయన ఒక్కడే ఎదురు వస్తున్నాడు. భుజాన సంచి లేదు. మాత్రల కోసం వెనక్కి తిరిగాడు, అక్క దగ్గరికి మాత్రం చేరలేదు. ఇంక వెతకాల్సింది ఆ రెండు చోట్ల మధ్యే.

ఆ ముక్క చాలు అన్నారు చెంచు అన్నదమ్ములు. ఎండుటాకుల మీద అడుగు తెలియదని, ముందు వాగుల ఇసుక చూశారు. రెండో వాగులో ఊతకర్ర గుచ్చిన గుంతలు, వాటి పక్కనే ఒక కాలు ఈడ్చిన గీత. చీకట్లో కాలిబాట అనుకుని జంతువులు నీళ్ళకు పోయే దారి పట్టాడని ఆ గీత చూసే చెప్పారు. ఇంకాస్త పైన బత్తాయి తొక్కలు. వాళ్ళు కేక వేస్తే బండ చాటు నుంచి ఆయన పలికాడు. ఆ గొంతు విన్నప్పుడు నేను అక్కడే కూలబడి ఏడ్చాను. ఆ అన్నలకు డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. వాళ్ళ వెంట రాత్రంతా నడిచిన అటవీ శాఖ సిబ్బందికి, డోలీ కట్టి మోసిన కుర్రవాళ్ళకు చేతులెత్తి దండం పెడుతున్నాను.

ఆ బత్తాయిలు ఇచ్చిందెవరో మాకింకా తెలియదు. దారిలో ఎవరో కుర్రవాడు రెండు చేతిలో పెట్టి వెళ్ళాడట. నీళ్ళు అయిపోయాక ఆయన గొంతు తడిపింది అవే. నాయనా, నువ్వెవరో ఇది చదివితే ఒక్కసారి చెప్పు. చిన్నాయన నీతో మాట్లాడాలని ఎదురుచూస్తున్నాడు.